నూరుగురి సభ



మన పల్లె సంఘములలో ఆదివార ఆరాధన జరుగునప్పుడు గుడి తలుపులన్నియు తెరచియుండును. సంఘ కమిటీ కూర్చున్నప్పుడు మాత్రము తలుపు చేరవేయుదురు. లోపల అయ్యగారు, పెద్దలు, కార్యదర్శి, కోశాధికారి ఉందురు. బయట చెట్టు నీడను మిగిలిన సంఘస్థులు కూర్చుందురు. లోపలికి ఎందరు వచ్చిరి, ఏమి మాటలాడిరి, ఎవరు చెయ్యెత్తిరి, ఎవరు ఎత్తలేదు అని వారు ఒకరినొకరు అడుగుకొందురు. అట్లు అడుగుటలో తప్పేమియు లేదు. ఒక విధవరాలు చెంగున కట్టి తెచ్చిన కానుక, ఒక రైతు కోతకాలమున మోసికొని వచ్చిన ధాన్యము, మన తాతలు తమ తలలపై రాళ్లు మోసి కట్టిన మందిరము, ఇవన్నియు ఏమగునో ఆ గదిలోనే నిర్ణయింపబడుచున్నది గదా!

తలుపు మూయుట దానంతట అదే పాపమని నేను చెప్పను. ఒక కుటుంబములోని కలహము, ఒక యౌవనస్థుని పతనము, ఒకరి పేరుకు సంబంధించిన అపవాదు, ఇట్టివాటిని నడివీధిలో విచారించుట ప్రేమ కాదు. అయితే తలుపు మూసినప్పుడు లోపలనున్న వారిని ఎవరును చూడరు. అందుచేత ఆ గదిలోనికి ఎవరు రావలెను, ఎందరు వచ్చిన సభ సభయగును, రానివారి సంగతి ఏమి, ఎవరి వోటు ఎంత, జరిగినది ఎక్కడ వ్రాయవలెను అను ప్రశ్నలకు ముందుగానే జవాబు కావలెను. ఈ ప్రశ్నలకు జవాబు వ్రాసి పెట్టిన ఒక వృద్ధ దైవజనుని చరిత్రను ఈ నెల మీ ముందుంచుచున్నాను.

దస్తావేజు అవసరము

జాన్ వెస్లీగారు ఇంగ్లండు దేశమున మెథడిస్టు ఉజ్జీవమును నడిపించిన సంగతి మీరెరుగుదురు. 1744 జూన్ నెలలో ఆయన లండనులో కొందరిని పిలిచి మొదటి కాన్ఫరెన్సు జరిపెను. అది మొదలుకొని ఏటేట బోధకులు కూడుకొనుచు వచ్చిరి. అయితే ఆ కూటమునకు వ్రాసిన రాజ్యాంగమేదియు లేదు. వెస్లీగారు ఎవరిని పిలిచిన వారు వచ్చుచుండిరి. అందరి మాటయు విని, చివరకు నిర్ణయము చేయువాడు ఆయనయే. తండ్రి బ్రదికియున్న ఇంట పిల్లలు వాటాల మాట ఎత్తనట్లు, నలుబది ఏండ్లు పని ఆ విధముగానే జరిగెను.

ఈలోగా దేశమంతట ప్రార్థనా మందిరములు లేచెను. 1784 నాటికి అవి మూడు వందలకు మించెను. ఒక్కొక్క మందిరమును ఆ ఊరి ట్రస్టీల పేర దస్తావేజు వ్రాసి ఉంచిరి. వెస్లీగారు బ్రదికియున్నంత కాలము ఆయన నియమించిన బోధకులును, ఆయన తరువాత కాన్ఫరెన్సు నియమించిన బోధకులును అందులో వాక్యము చెప్పవలెనని అందులో షరతు. ఇక్కడనే చిక్కు వచ్చెను. కాన్ఫరెన్సు అనగా ఎవరు? ఏటికి ఒక తీరున పిలువబడి వచ్చినవారా? బోధకులందరా? చట్టము దృష్టిలో ఆ మాటకు అర్థము లేదని న్యాయవాదులు చెప్పిరి. అర్థము లేనిచో వెస్లీగారు కన్నుమూసిన మరునాడు ప్రతి ఊరి ట్రస్టీలును తమకిష్టమైన వానిని పీఠమెక్కింపవచ్చును, ఇష్టములేనివానిని దింపివేయవచ్చును. అది ఊహ మాత్రమే కాదు. యార్క్‌షైర్ ప్రాంతమందలి బర్‌స్టాల్ అను ఊరిలో ట్రస్టీలు బోధకుని ఎన్నుకొను అధికారము తమదేయని అప్పటికే వివాదము సాగించుచుండిరి.

అప్పటికి వెస్లీగారి వయస్సు 80 సంవత్సరములు. థామస్ కోక్ గారు, న్యాయవాదులు సహాయము చేయగా, ఆయన 1784 ఫిబ్రవరి 28వ తేదీన ఒక ప్రకటన దస్తావేజు వ్రాయించి సంతకము చేసి, చాన్సరీ న్యాయస్థానమున నమోదు చేయించెను. అందులో నూరుగురు బోధకులను వారి పేర్లతో వ్రాసి, కాన్ఫరెన్సు అనగా వీరే అని నిర్ణయించెను. ఆ నూరుగురికి లీగల్ హండ్రెడ్ అని పేరు వచ్చెను. అనగా చట్టము గుర్తించిన నూరుగురు.

ఆ సభ నియమములు

పాఠకులారా, ఆ దస్తావేజులోని షరతులను కొంచెము నిదానముగా చూడుడి. రెండు వందల నలుబది ఏండ్ల నాటి ఆ ఏర్పాటు మన కమిటీలకు ఇప్పటికిని పాఠము చెప్పగలదు.

సభ ప్రతి సంవత్సరము కూడవలెను. లండను, బ్రిస్టలు, లీడ్సు పట్టణములలో ఒకచోట, లేక సభ తానే ఏర్పరచుకొన్న మరియొకచోట కూడవచ్చును. కూడిన వెంటనే చేయవలసిన మొదటి పని ఖాళీలు నింపుట. మరణమువలన గాని మరి ఏ హేతువువలన గాని నూరుగురిలో ఎందరు తగ్గిరో అందరిని మొదట ఎన్నుకొనవలెను. ఆ పని ముగియువరకు మరి ఏ తీర్మానమును చెల్లదు. ఇందులోని జ్ఞానము గమనించుడి. ఖాళీలను అట్లే వదలి, మిగిలిన కొద్దిమందియే ఏండ్ల తరబడి పెత్తనము చేయుటకు ఆయన సందు ఇయ్యలేదు.

ఖాళీలు నిండిన తరువాత అధ్యక్షుని, కార్యదర్శిని ఎన్నుకొనవలెను. వారి అధికారము మరుసటి ఏటి ఎన్నికవరకే.

ఏ పని జరుగవలెనన్నను నలుబదిమంది సభ్యులు హాజరై యుండవలెను. సభ తెరచునప్పుడు నలుబదిమంది ఉండి, తరువాత సగముమంది లేచిపోయిన చాలునని కాదు. ఒక్కొక్క తీర్మానము జరుగు సమయమున నలుబదిమంది అక్కడ కూర్చుండియుండవలెను. దీనినే మనము కోరం అనుచున్నాము.

హాజరైనవారిలో ఎక్కువమంది మాట సభ అంతటి మాటయగును. అధ్యక్షునికి మాత్రము ఇద్దరు సభ్యుల బలము కలదు. లెక్క చూడుడి. నలుబదిమంది వచ్చిన సభలో అధ్యక్షుని రెండవ వోటుతో కలిపి వోట్లు 41. అందులో 21 వోట్లు ఎటుపడిన దేశమందలి మందిరములన్నిటికి అదే తీర్పు. కాబట్టి ఇంటివద్ద నిలిచిపోయిన ఒక్కొక్కడును తన వోటును హాజరైనవాని చేతిలో పెట్టి నిలిచిపోయినట్లే.

అందుచేతనే హాజరును గూర్చిన నియమము బహు కఠినముగా నుండెను. ఏ సభ్యుడైనను సెలవు పొందకుండ వరుసగా రెండేండ్లు సభకు రాక, మూడవ ఏటి సభ మొదటి దినమున కూడ కనబడనియెడల, అతడు సభ్యుడు కాకపోవును. అతడు మరణించియున్నట్లే ఎంచి ఆ స్థానమును మరియొకనితో నింపవలెనని దస్తావేజు చెప్పుచున్నది. కఠినమే గాని కనికరము లేనిది కాదు. రాలేని కారణము కలవాడు సెలవు కోరవచ్చును, సభ ఒప్పుకొనవచ్చును. అయితే ఆ సెలవు నోటిమాటగా చెల్లదు. సభ పుస్తకమున వ్రాయబడి, అధ్యక్షుడును కార్యదర్శియు సంతకము చేయవలెను. స్నేహితునికి ఒక న్యాయము, గిట్టనివానికి ఒక న్యాయము జరుగకుండ ఇది కాపుదల.

సభ ఎన్ని దినములు జరుగవలెనో కూడ నిర్ణయించిరి. ఐదు దినములకు తక్కువ కారాదు, మూడు వారములకు మించరాదు. తొందరపాటు తీర్మానములకు మొదటి హద్దు అడ్డము. మందను విడిచి కాపరులు ఊరక కాలము గడపకుండ రెండవ హద్దు అడ్డము. సాధారణ బోధకుని ఒకే మందిరమునకు మూడేండ్లకు మించి వరుసగా నియమింపరాదు. బోధకుడుగా అంగీకరింపబడి పండ్రెండు నెలలు గడవనివానిని నూరుగురిలోనికి ఎన్నుకొనరాదు. ప్రతి తీర్మానమును పుస్తకమున వ్రాసి సంతకములు చేయవలెను.

చివరి షరతు మిక్కిలి గంభీరమైనది. సభ్యుల సంఖ్య నలుబదికి తక్కువై వరుసగా మూడు వార్షిక సభలవరకు అట్లే యున్నను, లేక మూడేండ్లు సభయే కూడకపోయినను, ఆ కాన్ఫరెన్సు అంతరించినదగును. మందిరములు ట్రస్టీల వశమగును. హాజరుకాని సభ తన అధికారమును తానే పోగొట్టుకొనునని దీని భావము.

వెలుపల మిగిలినవారి బాధ

అప్పుడు బోధకులు సుమారు 190 మంది. పేర్లు వ్రాయబడినవారు నూరుగురు. మిగిలిన తొంబదిమంది సంగతి ఏమి? పేర్లు చదివినప్పుడు అనేక హృదయములు గాయపడెను. ఏండ్ల తరబడి ఎండలో వానలో గుఱ్ఱముపై తిరిగి వాక్యము చెప్పిన పెద్దలు కొందరు పట్టికలో లేరు. వారికంటె చిన్నవారు కొందరు ఉండిరి. పేర్లు ఏరినది కోక్ గారే అని కొందరు నిందించిరి. ఆ ఎంపిక తనదేయని వెస్లీగారు ఆ భారమును తనమీద వేసికొనెను.

నూరుగురే యేల అనునదానికి ఆయన చెప్పిన కారణము సూటియైనది. మొదట పది పండ్రెండుమందిని మాత్రమే పేర్కొనవలెనని తలచెను. ఎక్కువమంది ఆలోచనలో క్షేమము కలదని తరువాత నూరుగురివరకు పెంచెను. అందరిని చేర్చినయెడల ప్రయాణపు ఖర్చు పేద సంఘములపై పడును. బోధకులందరు సభకు పోయినచో మందలు కాపరులు లేక మిగులును. కారణము మంచిదే. అయినను కారణము మంచిదైనంత మాత్రమున వెలుపల నిలిచినవాని మనస్సు చల్లబడదు. ఆ సంవత్సరము లీడ్సులో జరిగిన కాన్ఫరెన్సులో ఈ కలహము మండెను. మాడ్లీ గ్రామపు భక్తుడైన జాన్ ఫ్లెచర్ గారు మోకరించి ఇరుపక్షములను బ్రతిమాలెను. కొంత శాంతి కలిగెను గాని, హాంప్సన్ అను తండ్రియు కుమారుడును మరికొందరును ఆ తరువాత సంఘమును విడిచిపోయిరి.

వెస్లీగారు ఈ బాధను మరువలేదు. 1785 ఏప్రిల్ 7వ తేదీన చెస్టరు పట్టణమునుండి ఆయన ఒక ఉత్తరము వ్రాసి, జోసెఫ్ బ్రాడ్‌ఫర్డ్ అను నమ్మకమైన సహచరుని చేతికిచ్చి, తాను మరణించిన తరువాత జరుగు మొదటి సభలో చదువుమనెను. ఆ ఉత్తరపు సారాంశమిది. ఈ దస్తావేజును ఆధారము చేసికొని మీరు మీ సహోదరులపై ఆధిక్యము చూపవద్దు. నేను మీతోనున్నప్పుడు జరిగినట్లే సమస్తమును జరుగనియ్యుడి. బోధకులను ఊళ్లకు పంపుటలో గాని, పిల్లలను పాఠశాలకు ఎన్నుకొనుటలో గాని, సొమ్ము పంచుటలో గాని పక్షపాతము చేయవద్దు.

1791 మార్చి 2వ తేదీన వెస్లీగారు ప్రభువునందు నిద్రించెను. ఆ సంవత్సరము మాంచెష్టరులో సభ కూడెను. ఉత్తరము చదువబడెను. నూరుగురి చేతిలో చట్టము కలదు, కాదనగలవారెవరు? అయినను వారు ఏమి చేసిరి? సంపూర్ణముగా అంగీకరింపబడిన బోధకులందరికి తమతో సమానమైన హక్కు కలదని తీర్మానించిరి. అందరును కలిసి ఆలోచించిన పిమ్మట, చట్టమునకు కావలసినంతమట్టుకు నూరుగురు దానిని స్థిరపరచుచు వచ్చిరి. అధికారము చేతిలో ఉండియు దానిని ఒంటరిగా వాడుకొననివారు ధన్యులు.

నియమము చేయలేని పని

ఆ దస్తావేజు మందిరములను కాపాడెను. 1835లో డాక్టర్ శామ్యూల్ వారెన్ అను బోధకుని వ్యవహారము న్యాయస్థానమునకు పోయినప్పుడు, లార్డు ఛాన్సలర్ లిండ్‌హర్స్టు గారు కాన్ఫరెన్సు అధికారమునే నిలువబెట్టిరి. అయితే కట్టడములను కాపాడిన కాగితము మనుష్యులను కాపాడలేకపోయెను. ఆ చరిత్రయు చెప్పవలసినదే.

ఆ నూరుగురును బోధకులే. కానుక ఇచ్చు రైతు, తరగతి నడుపు చెప్పులు కుట్టువాడు, మగ్గము నేయువాడు, వీరిలో ఒక్కరికిని ఆ గదిలో చోటు లేదు. అలెగ్జాండర్ కిల్‌హం అను బోధకుడు ఈ సంగతి వ్రాసి అడిగినందుకు 1796లో వెలివేయబడెను. మరుసటి సంవత్సరము అతడును మరికొందరును వేరుపడి, బోధకులును సామాన్య విశ్వాసులును సమసంఖ్యలో కూర్చుండు మరియొక కాన్ఫరెన్సు పెట్టుకొనిరి.

మిగిలినవారి సభ మూసిన తలుపుల వెనుకనే జరిగెను. కాలక్రమమున కొద్దిమంది పెద్దల పేర్లే ప్రతి కమిటీలోను కనబడసాగెను. అప్పుడు ఏమి జరిగెనో వినుడి. 1844 మొదలుకొని 1848 వరకు పేరులేని కరపత్రములు బోధకుల ఇండ్లకు రాసాగెను. లండనులోని కొందరు అధికారమంతయు చేజిక్కించుకొనిరని, ఊళ్లకు నియామకములలో పక్షపాతము జరుగుచున్నదని వాటిలో వ్రాయబడెను. మన ఊళ్లలో వీటినే ఆకాశరామన్న ఉత్తరములందురు. బహిరంగముగా అడుగుటకు వీలులేనిచోట ఇట్టివి పుట్టును. అవి న్యాయమైనవని నేననను. పేరు దాచుకొని సహోదరుని నిందించుట క్రైస్తవ ధర్మము కాదు. కాని సభ దానికి చేసిన వైద్యము రోగముకంటె కఠినమాయెను. వ్రాసినవాడవు నీవేనా అని ఒక్కొక్కరిని అడుగసాగిరి. 1849లో మాంచెష్టరు సభ జవాబియ్యని జేమ్స్ ఎవరెట్ గారిని, అతనితోపాటు శామ్యూల్ డన్, విలియం గ్రిఫిత్ గార్లను వెలివేసెను. తరువాతి కొద్ది సంవత్సరములలో సుమారు లక్షమంది ఆ సంఘమునుండి తొలగిపోయిరి.

ఆ సభలో కోరం లేకపోలేదు. వోట్లు సరిగా లెక్కింపబడెను. పుస్తకమున సంతకములు పడెను. అయినను మంద చెదరిపోయెను. నియమము సభను సక్రమముగా నడుపగలదు, నమ్మకమును పుట్టింపజాలదు.

దీర్ఘకాలము తరువాత, 1878లో బ్రాడ్‌ఫర్డు నగరమున ఆ తలుపు తెరువబడెను. 240 మంది బోధకులతో సమానముగా 240 మంది సామాన్య విశ్వాసులు ఆ కాన్ఫరెన్సులో కూర్చుండిరి. 1932లో ఇంగ్లండునందలి మూడు మెథడిస్టు సంఘములు ఏకమైనప్పుడు, నూరుగురి సభ తన పని ముగించుకొని చరిత్రలో కలిసిపోయెను.

మనకు ఇందులో ఏమున్నది?

ఈ కథ మనకు దూరమైనది కాదు. ఆ కాన్ఫరెన్సు పంపిన మిషనరీలే పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమున హైదరాబాదు సంస్థానమునకు వచ్చి తెలుగు పల్లెలలో సువార్త చెప్పిరి. 1924 క్రిస్మసు దినమున ప్రతిష్ఠింపబడిన మెదకు మహాదేవాలయము ఆ పని ఫలమే. 1947 సెప్టెంబరు 27వ తేదీన దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు ఆ సంఘములు అందులో చేరెను. ఇప్పుడు మన డయాసిస్ కౌన్సిలులో గురువులతో పాటు సంఘ ప్రతినిధులును కూర్చుండి వోటు వేయుచున్నారు. ఆ కుర్చీ మనకు ఊరక దొరకలేదని జ్ఞాపకముంచుకొనుడి.

కాబట్టి సంఘ పెద్దలారా, కొన్ని మాటలు వినయముతో చెప్పుచున్నాను.

సభకు ముందు సభ్యులందరికి వర్తమానము పంపుడి. పొలములోనున్నవానికి, ప్రక్క ఊరిలోనున్నవానికి కూడ. మనకు ఎదురు మాటలాడునని ఒకనికి చెప్పకుండ సభ పెట్టుట దొంగతనమువంటిదే.

కోరం లేకపోయినచో ప్రార్థన చేసికొని లేచి పోవుడి. నలుగురు కూర్చుండి తీర్మానము వ్రాసి, సాయంకాలము పుస్తకమును ఇంటింటికి త్రిప్పి సంతకములు చేయించు వాడుక కొన్ని చోట్ల కలదు. అట్టి సంతకము అబద్ధ సాక్ష్యము. రానివాడు వచ్చినట్లు వ్రాసినవాడును, వ్రాయించుకొన్నవాడును దేవుని యెదుట జవాబు చెప్పవలెను.

రానివానిని విచారించుడి. కోతలు కావచ్చును, జ్వరము కావచ్చును, మనస్సు నొచ్చియుండవచ్చును. కారణము తెలిసికొని పుస్తకమున వ్రాయుడి. కారణమేమియు లేక ఏండ్లు గడచినను రానివాడు, పేరు మాత్రము ఉంచుకొని చోటు ఆక్రమింపరాదు. అతని స్థానమున పని చేయగలవారు, విశేషముగా మన స్త్రీలలో, ఎందరో వేచియున్నారు.

అధ్యక్షుని చేతిలో ఒక వోటు ఎక్కువ ఉన్నయెడల, అతని పెదవులపై ఒక మాట తక్కువ ఉండవలెను. మొదట అందరి మాటయు వినుడి. పేదవాని మాట, చిన్నవాని మాట ముందుగా వినుట మరింత మేలు.

రహస్యముగా ఉంచవలసినది ఏదో, ఉంచరానిది ఏదో వివేచించుడి. ఒకని పాపపు ఒప్పుకోలు ఆ గది దాటి పోకూడదు. సంఘపు సొమ్ము లెక్క ఆ గదిలో ఒక దినమైనను దాగియుండకూడదు. యెరూషలేములో అపొస్తలులును పెద్దలును కూడి చేసిన నిర్ణయమును ఉత్తరముగా వ్రాసి, మనుష్యులచేత అంతియొకయకు పంపి, సంఘమంతటి యెదుట చదివించిరని అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయమున చూచుచున్నాము. అది విని ఆ సంఘము సంతోషించెను. మన కమిటీ తీర్మానములు ఆదివారమున చదువబడినప్పుడు మన సంఘము సంతోషించుచున్నదా, లేక తల వంచుకొనుచున్నదా?

సంఘస్థులారా, మీకును ఒక మాట. బయట చెట్టు క్రింద గుసగుసలాడుటకంటె, పేరు పెట్టి, మర్యాదగా, పెద్దల నడుగుడి. మీరు ఎన్నుకొన్నవారికొరకు సభ జరుగు గడియలో ప్రార్థన చేయుడి. ఎన్నిక దినమున ఇంట కూర్చుండి, తరువాత ఏడాది పొడుగున సణుగుకొనవద్దు.

తలుపు మూసిన గదిలో హాజరు పట్టికకు ఎక్కని ఒకరు ఎల్లప్పుడు ఉందురు. ఆయన భయపడిన శిష్యులు తలుపులు మూసికొని యుండగా వారి మధ్యను వచ్చి నిలిచి సమాధానము పలికిన ప్రభువు. మన తీర్మానమును ఆయన యెదుట బిగ్గరగా చదువగలిగినయెడల, బయటనున్న విధవరాలి యెదుటను చదువగలము. ఈ నెల మీ కమిటీ కూడినప్పుడు, మొదటి ప్రార్థనకు ముందు ఎందరు వచ్చిరో లెక్కించుడి. రానివారి పేర్లు ప్రార్థనలో తలంచుడి. అటుపిమ్మట పుస్తకము తెరువుడి.